కడుపుకి వేళ, ఒంటికి పొడి

మా వైపు ఏ ఇంటికి వెళ్లినా ఫ్రిజ్ మీద రెండు వస్తువులు తప్పకుండా కనపడతాయి. ఒకటి సగం చింపిన గ్యాస్ బిళ్లల స్ట్రిప్పు. రెండోది తోక దాకా చుట్టేసిన చర్మం ట్యూబు. ఏది దేనికని అడిగితే "కడుపుబ్బరానికి ఇది, దురదకి అది" అంటారు. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

గోదావరి డెల్టాలో ఈ రెండు బాధలూ ఎక్కువగా రెండే కారణాల వల్ల వస్తాయి. మనం వేళ కాని వేళ తింటాం. తడిలో బతుకుతాం. చుట్టూ కాలువలు, చేలు, చేపల చెరువులు, ఏడాదిలో సగం రోజులు ఉక్కపోత. అందుకే కింద చెప్పేవాటిలో కొనాల్సినవి చాలా తక్కువ. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చెయ్యాలో వరసగా చెబుతాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వారానికి ఒకటి చాలు.

పొద్దున్న లేచాక

లేవగానే గ్లాసున్నర నీళ్లు తాగండి. గోరువెచ్చనివైనా, మామూలువైనా ఫర్వాలేదు. కాఫీ మానక్కర్లేదు. చాలామందికి కాఫీయే పేగుల్ని కదిలిస్తుంది. అసలు కీలకం టైము. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. పసిపిల్లలు పాలు తాగుతూనే గుడ్డ పాడుచేసేది అందుకే. పెద్దయ్యాక మనకీ ఆ పిలుపు వస్తుంది కానీ, బస్సు టైమయిందనో, ఆఫీసు టెన్షన్‌తోనో ఆపేసుకుంటాం. కొన్నేళ్లు అలా ఆపితే అది రావడమే మానేస్తుంది.

అందుకని టిఫిను తిన్న పావుగంట, అరగంటకి రోజూ ఒకే వేళకి వెళ్లి కూర్చోండి. వచ్చినా రాకపోయినా పది నిమిషాలకి లేచి వచ్చేయండి. ముక్కకండి, ఫోను లోపలికి తీసుకెళ్లకండి. వీడియోలు చూస్తూ అరగంట కూర్చుంటే మొలలు రావడానికి దారి వేసినట్టే. ఇంట్లో కమోడ్ ఉంటే ముందు ఒక స్టూలు వేసుకుని కాళ్లు దాని మీద పెట్టండి. అడుగు లోపు ఎత్తుంటే చాలు, మోకాళ్లు నడుము కన్నా పైకి రావాలి. పాత లెట్రిన్‌లో గొంతుకూర్చున్నప్పుడు ఉండే వంపు దాదాపు వస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి ఈ స్టూలు చేసిన మేలు అరటిపళ్లు కూడా చెయ్యలేదు.

చద్దన్నం పెట్టే పద్ధతి

ఇడ్లీ, పెసరట్టు ఉప్మా మంచివే. కానీ కడుపు మంటతో ఉన్నవాళ్లకి, ఎండలోకి వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది పాలు పోసి తోడుపెట్టిన చద్దన్నం. దీని గురించి గొప్పగా మాట్లాడేవాళ్లే తప్ప సరిగ్గా పెట్టడం చాలామందికి రాదు.

రాత్రి భోజనానికి వండిన అన్నమే తీసుకోండి. మధ్యాహ్నం వండి రాత్రి దాకా బయట ఉంచినది వద్దు. గంటల తరబడి గిన్నెలో ఉండిపోయిన అన్నంలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఒక మనిషికి రెండు గరిటెలన్నం గిన్నెలోకి తీసి, చేత్తో మెత్తగా మెదపండి. వేలు పెడితే కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు. అప్పుడు కాచిన పాలు గోరువెచ్చగా, అన్నం మీద ఒక వేలు లోతు నిలిచేలా పొయ్యండి. పొద్దుటికి అన్నం ఆ పాలన్నీ తాగేస్తుంది కాబట్టి తక్కువ పోస్తే గట్టిపడిపోతుంది. ఒక చెంచా పెరుగు వేసి కలిపి మూత పెట్టండి. ఉప్పు ఇప్పుడు వెయ్యకండి. పడుకోబోయే ముందు పెడితే పొద్దున్నకి సరిపోతుంది. మే నెలలో అయితే తెల్లవారకుండానే పులిసిపోతుంది, అందుకని ఆ రోజుల్లో గిన్నెని నీళ్ల పళ్లెంలో పెట్టండి.

పొద్దున్న ఉప్పు, రెండు పాయలుగా చీల్చిన పచ్చిమిరపకాయ, చిన్న ఉల్లిపాయ. మాగాయ ముక్క నంజుకోవచ్చు, ఒక్కటే. పుల్లటి వాసన వస్తే మంచిదే. జిగురు సాగినా, కుళ్లు వాసన వచ్చినా కుడితి గోలెంలో పొయ్యండి. షుగరున్నవాళ్లు ఒక గరిటె తగ్గించి, పక్కన ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు మొలకలో తినండి.

మధ్యాహ్నం కంచం

1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన కంచంలో అన్నానికి కరువు లేదు. కరువంతా కూరకే. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకి 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు తింటే చాలు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినాలి. మన ఇళ్లలో ఈ లెక్క సరిగ్గా తిరగబడి ఉంటుంది.

తూకాలు వెయ్యక్కర్లేదు. వడ్డించుకునే వరస మార్చండి. అన్నం గుట్టగా పోసుకుని చివర కూర పెట్టుకోవడం మానేసి, ముందు కంచంలో సగం కూర పెట్టుకోండి, మిగిలిన చోట పట్టినంతే అన్నం. ఆనపకాయ, బీరకాయ పాలు పోసి, పొట్లకాయ, తోటకూర పులుసు, కంద బచ్చలి... మన పెరళ్లలో లేనివేం కాదు. మొదటి ముద్ద ఆవకాయతో మొదలెట్టే అలవాటుంటే దాన్ని వారానికి రెండు రోజులకి దించండి. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. అందులో కూర, చారు, పచ్చడి, మజ్జిగ అన్నీ వస్తాయి మరి.

పీచు కోసం అరటి దవ్వ తినండి. కొందరు దూట అంటారు. గెల కొట్టేశాక చెట్టుని గట్టున పడేస్తాం కదా, లోపల తెల్లటి గుండ్రటి కడ్డీ ఉంటుంది, అదే. పైపొరలు ఒలిచి, చక్రాల్లా తరగండి. ఒక్కో చక్రం కోస్తుంటే సాలెగూడు లాంటి దారం సాగుతుంది. దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ పోవాలి. నాలుగు చక్రాలకి వేలి చుట్టూ చిన్న ఉంగరం తయారవుతుంది, తీసి పారేసి మళ్లీ మొదలెట్టండి. తరిగిన ముక్కలు వెంటనే పల్చటి మజ్జిగలో వెయ్యకపోతే నల్లబడతాయి. తర్వాత సన్నగా కొట్టి పెసరపప్పుతో, ఆవ పెట్టి వండుకోండి. పని ఎక్కువే. అందుకే ఆదివారం పెట్టుకోండి, పిల్లలు దారం చుట్టడానికి పోటీ పడతారు.

పళ్లలో అరటిపండు సరే, రావులపాలెం పక్కనుండి అది తినమని నేను చెప్పాలా. కానీ మలబద్ధకం పోవాలంటే జామకాయలో పీచు దానికన్నా చాలా ఎక్కువ. గింజలతో సహా నమిలి తినాలి. ఒక హెచ్చరిక: ఇవన్నీ ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి "ఈ కూరలు నాకు పడవు" అనుకుంటారు. రెండు వారాలు పట్టేలా మెల్లగా పెంచండి, దాంతోపాటు నీళ్లూ పెంచండి.

గ్యాస్ బిళ్ల సంగతి

పొద్దున్నే వేసుకునే పాంటాప్రజోల్ లాంటి బిళ్ల కడుపులో ఆమ్లం తయారవడాన్ని తగ్గిస్తుంది. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు. ఏళ్ల తరబడి వేసుకుంటే బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గవచ్చు, కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కవచ్చు. డాక్టరు రాసింది మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లు. కానీ ఎవరూ రాయకుండానే మీరు మొదలుపెట్టినదైతే, ఇది ఎందుకు, ఎన్నాళ్లు అని ఈసారి వెళ్లినప్పుడు అడగండి.

ఇంకొక్క మాట. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లటి చెమట పడితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. అరగంట కూడా ఆగకుండా ఈసీజీ తీసే చోటికి వెళ్లండి. గ్యాసే అయితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

స్నానం తర్వాత రెండు నిమిషాలు

ఇక ఒంటి సంగతి. మన వాతావరణంలో చర్మానికి సబ్బు కన్నా తువ్వాలు ముఖ్యం. స్నానం చెయ్యగానే తడి మీదే బనీను తొడుక్కోవడం మనలో చాలామందికి అలవాటు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, పొట్ట మడతలు, కాలి వేళ్ల సందులు. ఈ అయిదు చోట్లా అద్ది అద్ది తుడవండి. తుడిచాక ఫ్యాను కింద రెండు నిమిషాలు నిలబడి, అప్పుడు బట్టలు. తువ్వాలు ఎవరిది వారిదే ఉండాలి. వానాకాలంలో లోదుస్తులు ఆరకపోతే చెమ్మతోనే వేసుకోకుండా ఇస్త్రీ పెట్టండి, మడతల దగ్గర కాస్త ఎక్కువసేపు.

తామర నాకు ఎక్కడ మొదలైందో తెలుసా? మొలతాడు కింద. శ్రావణమాసం, రోజూ వాన. నల్ల దారం ఎప్పుడూ తడిగానే ఉండేది. నడుం చుట్టూ రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచింది, అంచు ఉంగరంలా ఉబ్బి దురద. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండో రోజుకే దురద మాయం, మహా సంతోషించాను. మానేసిన వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాను. మూడు నెలలు తిరిగేసరికి రూపాయి బిళ్ల కాస్తా అరచెయ్యంత అయింది, తొడల దాకా పాకింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళితే ట్యూబు చూసి ఒకటే అడిగారు: "దీని మీద పేరు చదివారా?" చదవలేదు. అందులో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. అది దురదని అణచిపెడుతుంది, అదే సమయంలో తామరని తెచ్చే బూజుకి (ఫంగస్‌కి) హాయిగా పెరిగే వీలు ఇస్తుంది. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. అయినా దొరుకుతూనే ఉన్నాయి.

కాబట్టి తామర అనిపిస్తే ఇలా చెయ్యండి. ముందు మొలతాడు, బిగువు బెల్టు, జీన్సు పక్కన పెట్టండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే ముట్టుకోకండి. మొహానికి తెల్లబడటానికి రాసుకునే కొన్ని క్రీముల్లోనూ ఇవే ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎండలోకి వెళ్తే మండుతుంది. డాక్టరు రాసిన బూజు మందుని మచ్చ మీదే కాకుండా అంచు దాటి ఒక వేలు వెడల్పు బయటికి కూడా రాయండి. మచ్చ కనపడకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయండి. అందరం తప్పేది ఇక్కడే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ అదే రోజుల్లో వైద్యం జరగాలి, లేదంటే పక్కబట్టల మీదుగా తిరిగి మీకే వస్తుంది.

చెమటకాయలకి ఇంత హడావిడి వద్దు. పల్చటి నూలు బట్టలు, రోజుకి రెండుసార్లు చల్లటి స్నానం, కాస్త కాలమైన్ లోషను. పౌడరు మేకప్‌లా మెత్తితే చెమట రంధ్రాలు మూసుకుపోతాయి.

నాట్లకి, చెరువు పనికి వెళ్లేవాళ్లు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదనీళ్లలో నిలబడితే వేళ్ల సందులు నాని, తెల్లగా పాలిపోయి, చిట్లుతాయి. దిగే ముందు పాదాలకి, వేళ్ల మధ్య కొబ్బరినూనో, వాజలీనో పల్చగా రాయండి, నీళ్లు చర్మంలోకి దిగడం తగ్గుతుంది. మధ్యాహ్నం అన్నాలకి గట్టు ఎక్కినప్పుడు కాళ్లు కడిగి, పొడి గుడ్డతో ఒక్కో వేలు సందు తుడిచి, ఆ అరగంట కాళ్లకి గాలి తగలనివ్వండి. ఇంటికొచ్చాక సబ్బుతో కడిగి మళ్లీ పొడిగా. ఇది చెబితే "అంత తీరిక ఎక్కడిదండి" అంటారు. చిట్లిన కాలితో నాలుగు రోజుల కూలి పోవడం కన్నా తక్కువే కదా.

కాలికి పుండు, గాటు ఉన్న రోజు బూటు లేకుండా చేలోకి దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి ఎలుక జ్వరం ఆ గాయంలోంచే వస్తుంది. నీళ్లలో పనిచేసిన వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి "నేను చేలో దిగాను" అని మీరే ముందు చెప్పండి.

కడుపుకీ కాలికీ ఒక చుట్టరికం కూడా ఉంది. కొంకిపురుగు పిల్లలు తడి మట్టిలోంచి ఉత్తి పాదాల చర్మం గుండానే ఒంట్లోకి దూరి, చివరికి పేగుల్లో కాపురం పెట్టి రక్తం తాగుతాయి. పెరట్లోకి వెళ్లినా చెప్పులు వేసుకోమనేది అందుకే. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్లలోనూ, అంగన్‌వాడీల్లోనూ ఇచ్చే ఆల్బెండజోల్ అనే పురుగుల మందు బిళ్ల పిల్లల చేత తప్పకుండా వేయించండి.

మొహానికి

ఇక్కడ తక్కువ చేస్తేనే మంచిది. రోజుకి రెండుసార్లు కడుక్కోవడం, పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండలో ఉండేవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడుగున పిండి మొహానికీ మెడకీ రాయడం, లేదా తలపాగా, గొడుగు. నిమ్మచెక్క మొహాన రుద్దుకుని ఎండలోకి వెళ్లకండి. ఆ రసం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలెక్కి నల్లటి మచ్చలు మిగులుతాయి. మొటిమలున్నవాళ్లు మొహానికి కొబ్బరినూనె మానాలి, అది కాళ్లకీ చేతులకీ బాగుంటుంది.

సున్నిపిండి ఇష్టమైతే కేజీ పెసలకి పావుకేజీ శనగపప్పు, గుప్పెడు బియ్యం, నాలుగు కచ్చూరాలు, ఎండిన నారింజ తొక్కలు వేసి మర పట్టించండి. తెచ్చాక పల్చటి గుడ్డలో జల్లించండి. గరుకుగా ఉన్నది మొహం మీద గీతలు పెడుతుంది. నూనె రాసుకుని, పిండితో రుద్ది, కడుక్కోండి. డబ్బాలో తడి చెయ్యి పెట్టారో, వారంలో పురుగు. గజ్జి, తామర, పసిపిల్లల పొక్కుల మీద మాత్రం ఏ పిండీ రుద్దకండి.

వరద రోజుల్లో, కాలువలు కట్టేసినప్పుడు

వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లు అడుగంటుతాయి, వరదల్లో మురుగు మంచినీళ్లలో కలుస్తుంది. రెండు కాలాల్లోనూ తాగే నీళ్లు బాగా తెర్లేదాకా మరిగించి, ఒక నిమిషం ఆగి దించండి. విరేచనాలు పట్టుకుంటే మొదటి మందు ఓఆర్‌ఎస్. పొట్లం మీద లీటరు అని ఉంటే సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి, ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం లేకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లకి ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవండి. కోనసీమ వాళ్లకి కోపం వచ్చినా చెప్పాలి: కొబ్బరి బొండాం దీనికి బదులు కాదు. అందులో పొటాషియం ఎక్కువ, విరేచనాల్లో మనం పోగొట్టుకునే సోడియం తక్కువ. తాగండి, కానీ ఓఆర్‌ఎస్ తాగుతూ తాగండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు బొండాం కూడా డాక్టర్ని అడిగే తాగాలి.

ఇంటి వైద్యం ఆపెయ్యాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతులో అడ్డుపడటం, యాభై దాటాక విరేచనం అలవాటు ఉన్నట్టుండి మారడం. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూదిపింజతో తాకితే తెలియకపోతే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కుష్ఠు అయినా మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా తగ్గుతుంది. రాత్రిళ్లు ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే అది గజ్జి, ఒక్కరికి మందు రాస్తే తగ్గదు.

రాత్రి

భోజనానికీ పడకకీ మధ్య రెండు, మూడు గంటలు ఉండాలి. తొమ్మిదిన్నరకి సీరియల్ చూస్తూ తిని పదింటికి పడుకుంటే ఏ బిళ్లా కాపాడదు. ఆలస్యమైన రోజు, పెళ్లిభోజనం అయిన రోజు రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టండి. పడుకునేటప్పుడు ఎడమ పక్కకి తిరగండి, పుల్లటి తేన్పులు తగ్గుతాయి. దాంతోనూ ఆగకపోతే మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. అరడుగు లేస్తుంది. రెండు దిండ్లు పెట్టుకుంటే పొట్ట మడతపడుతుంది తప్ప ఉపయోగం ఉండదు. ఇటుకలు పెట్టిన మొదటి రాత్రి కాళ్లవైపు జారిపోతున్నట్టు ఉంటుంది, దుప్పటి కిందకి వచ్చేస్తుంది. మూడో రాత్రికి గుర్తుండదు.